ఊరందరి మేడ – ఎవరూ చూడని మీటరు

విద్యార్థులారా! ఇంట్లో కరెంటు బిల్లు వచ్చిన రోజున ఏం జరుగుతుందో మీకు తెలుసు. కిందటి నెల బిల్లు పక్కన పెట్టి నాన్న పోల్చి చూస్తారు. "ఎవరూ లేని గదిలో ఫ్యాను ఎందుకు తిరుగుతోంది?" అని అమ్మ కేకవేస్తుంది. మీలో ఎవరో ఒకరు లేచి వెళ్ళి స్విచ్చి కట్టేస్తారు.

మరి మీ ఊరి మున్సిపల్ హైస్కూలు సంగతేమిటి? మున్సిపల్ ఆఫీసు, కమ్యూనిటీ హాలు, వార్డు ఆఫీసు సంగతి? ఆ మేడలకు కూడా మీటర్లు ఉన్నాయి, బిల్లులు వస్తాయి. ఆ బిల్లులు కట్టే సొమ్ము ఎక్కడిది? మన ఇంటి పన్ను, నీటి పన్ను మొదలైనవాటి నుంచి వచ్చిందే. అనగా ఆ మేడలు మనవే, బిల్లులూ మనవే. కాని కేకవేసే అమ్మ మాత్రం అక్కడ లేదు! అందరి సొమ్ము కనుక ఎవరి సొమ్మూ కానట్లు వృథా అయిపోయే ప్రమాదం ఉంది.

ఈ మేడలలో కరెంటును ఎలా ఆదా చేయవచ్చు? మిగిలిన అవసరానికి ఎండ నుంచి, గాలి నుంచి కరెంటును ఎలా తెచ్చుకోవచ్చు? ఈ రెంటిలో ఏది ముందు, ఏది వెనుక? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక లెక్క

ఒక మున్సిపల్ హైస్కూలును ఊహించుకోండి. దానిలో 20 తరగతి గదులు. ఒక్కొక్క గదిలో 4 పాత ఫ్యాన్లు, 4 పాత ట్యూబులైట్లు ఉన్నాయనుకుందాం. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. పాత ట్యూబులైటు, దాని చోకుతో కలిపి, సుమారు 50 వాట్లు. గదికి 300 + 200, అంటే 500 వాట్లు. రోజుకు 6 గంటలు వాడితే 3,000 వాట్-గంటలు. వెయ్యి వాట్-గంటలు ఒక యూనిట్ కాబట్టి గదికి రోజుకు 3 యూనిట్లు. 20 గదులకు 60 యూనిట్లు.

ఈ 60 యూనిట్లనూ సూర్యుడి నుంచే తీసుకోవాలనుకుందాం. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌర ఫలకాలు సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. కనుక 15 కిలోవాట్ల ఫలకాలు కావాలి. కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల చోటు చొప్పున డాబా మీద 150 చదరపు మీటర్లు నీడ పడని జాగా ఉండాలి.

ఇప్పుడు మరో దారి చూడండి. పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల కొత్త రకం ఫ్యాన్లు, పాత ట్యూబుల స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు బిగించాం. గాలి తగ్గలేదు, వెలుతురూ తగ్గలేదు. కాని గదికి 120 + 80, అంటే 200 వాట్లే. 6 గంటలకు 1.2 యూనిట్లు. 20 గదులకు 24 యూనిట్లు. ఇప్పుడు సౌర ఫలకాలు ఎన్ని కావాలి? 6 కిలోవాట్లు, 60 చదరపు మీటర్లు. అంతే!

చూశారా? ఆదా చేసిన తరువాత సూర్యుడిని పిలిస్తే పని సగం కంటె తక్కువకే పూర్తయింది. ముందుగా పిలిస్తే వృథా అయ్యే కరెంటు కోసం కూడా ఫలకాలు కొనవలసి వచ్చేది. కుండకు చిల్లి ఉంటే ముందు చిల్లి పూడ్చాలి గాని, ఇంకొక బిందె నీళ్ళు తెచ్చి పోయడం తెలివి కాదు గదా!

రోజుకు మిగిలిన 36 యూనిట్లు చిన్నవేమీ కావు. ఏడాదికి 200 పనిదినాలు అనుకుంటే 7,200 యూనిట్లు. మన దేశపు థర్మల్ కేంద్రాలలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఈ లెక్కన ఒక్క స్కూలు ఏడాదికి 5 టన్నుల బొగ్గును గనిలోనే మిగల్చగలదు.

మెల్‌బోర్న్‌లో ఒక మేడ

ఇదంతా కాగితం మీది లెక్క. నిజంగా ఇలా చేసిన నగరం ఏదైనా ఉందా? ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్.

అక్కడి నగరపాలక సంస్థకు తన ఉద్యోగుల కోసం కొత్త ఆఫీసు కావలసి వచ్చింది. మామూలుగా అయితే నాలుగు వైపులా అద్దాలు బిగించి, లోపల ఎయిర్ కండిషనర్లు పెట్టి, బిల్లు కడుతూ కూర్చునేవారు. వారు అలా చేయలేదు. మిక్ పియర్స్ అనే వాస్తుశిల్పితో కలిసి 10 అంతస్తుల మేడ కట్టారు. పేరు కౌన్సిల్ హౌస్-2. అది 2006లో ప్రారంభమయింది. పర్యావరణానికి అనుకూలమైన భవనాలకు ఆ దేశంలో నక్షత్రాలు ఇస్తారు. కొత్త ఆఫీసు నమూనాలలో అత్యున్నతమైన 6 నక్షత్రాలు పొందిన మొదటి భవనం ఇదే.

ఈ మేడలో గొప్ప యంత్రాల కంటె మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని సూత్రాలే ఎక్కువగా పనిచేస్తున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

రాత్రి చల్లదనం పగటికి

ఎండాకాలంలో సాయంత్రం డాబా మీద కూర్చుంటే కింద నుంచి సెగ తగులుతుంది. సూర్యుడు అస్తమించినా కాంక్రీటు పగలు తాగిన వేడిని మెల్లగా వదులుతూనే ఉంటుంది. కాంక్రీటుకు ఉన్న ఈ గుణం మనకు శత్రువు. మెల్‌బోర్న్ మేడలో దానినే మిత్రుడిగా చేసుకున్నారు.

ఆ మేడ గదుల లోకప్పు చదునుగా ఉండదు. అలల్లా వంపులు తిరిగిన కాంక్రీటు పలకలతో ఉంటుంది. వంపుల వల్ల గాలికి తగిలే ఉపరితలం పెరుగుతుంది. మెల్‌బోర్న్‌లో వేసవి పగళ్ళు ఒక్కొక్కప్పుడు 40 డిగ్రీలు దాటినా, రాత్రుళ్ళు సగటున 15 డిగ్రీల దరిదాపులకు చల్లబడతాయి. రాత్రి కాగానే మేడ కిటికీలు వాటంతట అవే తెరుచుకుంటాయి. చల్లగాలి లోపలికి వచ్చి కాంక్రీటు కప్పును చల్లబరుస్తుంది. తెల్లవారి ఉద్యోగులు వచ్చేసరికి కిటికీలు మూసుకుంటాయి. పగలంతా మనుషుల నుంచి, కంప్యూటర్ల నుంచి వచ్చే వేడిని ఆ చల్లని కప్పు పీల్చుకుంటుంది. రాత్రి చల్లదనాన్ని పగటికి దాచుకోవడం అన్నమాట. దీనికి కావలసిన కరెంటు కిటికీ తలుపులు కదిలించడానికి అయ్యేదే.

కరిగేటప్పుడు దాగే వేడి

మంచుగడ్డను వేడిచేస్తే ఏమవుతుంది? అది పూర్తిగా కరిగేదాకా ఉష్ణోగ్రత 0 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఇచ్చిన వేడి అంతా కరగడానికే ఖర్చవుతుంది. దీనినే గుప్తోష్ణం అంటారని మీరు చదువుకున్నారు. పరీక్షలో రెండు మార్కులకు పనికివచ్చే ఆ మాట మెల్‌బోర్న్ మేడలో ఒక ఆఫీసును చల్లబరుస్తోంది.

ఆ మేడ నేలమాళిగలో పెద్ద తొట్లు ఉన్నాయి. వాటి నిండా వేల కొద్దీ ఉక్కు బంతులు. ఒక్కొక్క బంతిలో ఒక లవణ మిశ్రమం. అది 15 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. రాత్రి చల్లబడిన నీటిని తొట్లలోకి పంపితే బంతులలోని పదార్థం గడ్డకడుతుంది. పగలు గదుల నుంచి వేడెక్కి వచ్చిన నీరు ఆ బంతుల మధ్యగా పోతుంది. పదార్థం కరుగుతూ నీటిలోని వేడిని తనలో దాచుకుంటుంది. చల్లబడిన నీరు తిరిగి గొట్టాల ద్వారా పైకప్పు దగ్గరికి వెళ్ళి గదిని చల్లబరుస్తుంది.

మేడ దక్షిణపు వైపున 5 ఎత్తైన గొట్టాలు వేలాడుతూ ఉంటాయి. వాటిలో పై నుంచి నీటి తుంపరలు పడతాయి. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. చల్లబడిన గాలి కింది అంతస్తు దుకాణాలకు చేరుతుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఇదే సూత్రం మీద!

ఎండను ఎరిగిన గోడలు

ఒక చిన్న ప్రశ్న. మధ్యాహ్నం మెల్‌బోర్న్‌లో సూర్యుడు ఏ దిక్కున ఉంటాడు? ఆ నగరం భూమధ్యరేఖకు చాలా దక్షిణాన ఉంది. కనుక అక్కడ సూర్యుడు ఉత్తరపు వైపున కనిపిస్తాడు. మేడ కట్టినవారు ఈ సంగతిని చక్కగా వాడుకున్నారు.

ఉత్తరపు గోడ మీద ముదురు రంగు గాలి గొట్టాలు నిలువుగా పైకి పోతాయి. ఎండ తగిలి గొట్టంలోని గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. దానితోపాటు గదులలోని పాతగాలిని కూడా లాగుకుపోతుంది. దక్షిణపు గోడ నీడలో ఉంటుంది. అక్కడ లేత రంగు గొట్టాలు డాబా మీది మంచిగాలిని కిందికి తెస్తాయి. పడమటి గోడకు పాత ఇళ్ళ కలపతో చేసిన తలుపుల వంటి పలకలు అమర్చారు. సూర్యుడు పడమటికి వాలే కొద్దీ అవి కదులుతూ ఎండను అడ్డుకుంటాయి.

కిటికీలు కూడా అన్నీ ఒక్క పరిమాణంలో లేవు. పై అంతస్తులలో చిన్నవి, కిందికి వచ్చే కొద్దీ పెద్దవి. ఎందుకు? ఎత్తైన మేడల మధ్య ఉన్న వీధిలో పై అంతస్తుకు వెలుతురు ఎక్కువ, కింది అంతస్తుకు తక్కువ. కనుక వెలుతురు తక్కువైన చోట కిటికీ పెద్దది. పగటిపూట దీపం వెలిగించే పని తగ్గుతుంది. దీపం తగ్గితే దాని వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే చల్లబరిచే పనీ తగ్గుతుంది. ఎయిర్ కండిషనర్ ఉన్న గదిలో అక్కరలేని దీపం వెలిగిస్తే రెండుసార్లు డబ్బు చెల్లిస్తున్నామన్నమాట. ఒకసారి దీపానికి, మరోసారి దాని వేడిని బయటికి తోలడానికి.

ఆ తరువాత గాలిమరలు

కౌన్సిల్ హౌస్-2 డాబా మీద నీళ్ళు కాచే సౌర పలకలు, కరెంటు ఇచ్చే ఫలకాలు కూడా ఉన్నాయి. కాని పది అంతస్తుల ఆఫీసుకు ఆ డాబా చాలదు. అంతస్తులు పెరిగితే వాడకం పెరుగుతుంది, డాబా మాత్రం ఒక్కటే గదా! మరి మిగిలిన కరెంటు?

మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ విశ్వవిద్యాలయాలను, బ్యాంకులను, పొరుగు పురపాలక సంఘాలను కలుపుకొంది. మొత్తం 14 సంస్థలు. అన్నీ ఒక్కమాట మీద నిలబడి, "మీరు గాలిమరలు కట్టండి, పదేళ్ళపాటు ఆ కరెంటు మేము కొంటాం" అని ఒప్పందం చేసుకున్నాయి. కొనేవారు ఖాయంగా ఉన్నారు కనుక కట్టేవారు ధైర్యంగా ముందుకు వచ్చారు. అరారత్ పట్టణం దగ్గర క్రోలాండ్స్ అనే చోట 39 గాలిమరలతో 80 మెగావాట్ల కేంద్రం వెలసింది. 2019 జనవరి నుంచి మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ తన మేడలకు, వీధిదీపాలకు కావలసినంత కరెంటును పునరుత్పాదక శక్తి నుంచే కొంటోంది.

"ఆ గాలిమర కరెంటే సరిగ్గా ఆ మేడకు వస్తుందా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. విద్యుత్ తీగల వ్యవస్థను ఒక చెరువు అనుకోండి. ఒక కాలువ ద్వారా 100 బిందెల నీరు చెరువులో పోసి, మరో గట్టున 100 బిందెలు తోడుకుంటే, తోడుకున్నది ఆ కాలువ నీరేనని చెప్పలేం. కాని చెరువులో చేరింది మన లెక్క, తీసింది మన లెక్క. ఇక్కడా అంతే.

మన ఊళ్ళో అదే మేడ కడితే?

అచ్చం అదే మేడను విజయవాడలో కడితే పనిచేస్తుందా? తొందరపడి అవునని చెప్పకండి. మే నెలలో విజయవాడలో రాత్రి కూడా ఉష్ణోగ్రత సగటున 28 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కిటికీలు తెరిచినా వచ్చేది వెచ్చని గాలే! విశాఖపట్నంలో నీటి తుంపరల గొట్టం పెడితే? సముద్రపు గాలిలో అప్పటికే తేమ ఎక్కువ. నీరు త్వరగా ఆవిరి కాదు, గాలి అంతగా చల్లబడదు. అదే అనంతపురంలోనో, వేసవి హైదరాబాదులోనో అయితే పొడిగాలి కాబట్టి ఆ ఉపాయం బాగా పనికివస్తుంది. సూత్రం ఎక్కడైనా ఒక్కటే. ఉపాయం మాత్రం ఊరి గాలిని, ఎండను బట్టి మారాలి.

మన ఊళ్ళలో అసలు శత్రువు ఎవరో తెలుసా? పైకప్పు. మే రెండవ వారం ప్రాంతంలో హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మీ నీడ మీ కాళ్ళ కిందికే చేరుతుంది. అంటే ఎండ అంతా గోడల కంటె డాబా మీదనే పడుతుంది. పాతబడి నల్లగా మారిన డాబా ఆ వేడిని పీల్చి గదిలోకి పంపుతుంది. తెల్లగా ఉన్న డాబా చాలా భాగం వెలుగును వెనక్కు తిప్పికొడుతుంది. డాబాకు సున్నం వేసే పాత అలవాటులో ఉన్న శాస్త్రం ఇదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో 'చల్లని పైకప్పు' విధానాన్ని ప్రకటించి, ప్రభుత్వ భవనాలకు దీనిని తప్పనిసరి అన్నది.

సౌర ఫలకాలు ఇక్కడ రెండు పనులు చేస్తాయి. కరెంటు ఇస్తాయి, కప్పుకు గొడుగులా నీడనూ ఇస్తాయి. సెలవు రోజుల్లో స్కూలుకు కరెంటు అక్కరలేదు గదా! అప్పుడు పుట్టిన కరెంటు తీగల ద్వారా బయటికి పోతుంది. రెండు వైపులా లెక్కించే మీటరు దానిని మన ఖాతాలో జమ కడుతుంది.

డాబా చాలకపోతే? విశాఖపట్నం నగరపాలక సంస్థ ఒక దారి చూపింది. 2018లో ముడసర్లోవ జలాశయం నీటి మీదనే తేలే సౌర ఫలకాలు పరిచింది. దాని సామర్థ్యం 2 మెగావాట్లు. నేల ఖర్చు లేదు. ఫలకాలకు నీటి చల్లదనం, నీటికి ఫలకాల నీడ.

ఎయిర్ కండిషనర్ తప్పనిసరి అయిన ఆఫీసులలో కూడా ఆదాకు దారి ఉంది. 18 డిగ్రీల దగ్గర పెట్టి, చలి వేసి, ఉన్ని శాలువా కప్పుకోవడం ఎందుకు? ఒక్క డిగ్రీ పెంచితే దాని కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని మన దేశపు ఇంధన సామర్థ్య బ్యూరో అంచనా. అందుకే 2020 నుంచి నక్షత్రాల గుర్తు ఉన్న గది ఎయిర్ కండిషనర్లన్నీ స్విచ్చి వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నియమం పెట్టారు.

డబ్బు ఎక్కడిది?

"ఇవన్నీ మంచివే. కాని మున్సిపాలిటీ దగ్గర డబ్బు ఏది?" అని పెద్దలు అంటారు. ఈ ప్రశ్నకు జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం 1995లో ఒక జవాబు కనుక్కొంది. అక్కడి పర్యావరణ శాఖ దగ్గర కొంత మూలధనం ఉంచారు. ఒక స్కూలులో పాత దీపాలు మార్చాలంటే ఆ శాఖ వడ్డీ లేకుండా సొమ్ము ఇస్తుంది. దీపాలు మారాక బిల్లు తగ్గుతుంది. తగ్గిన మేరకు సొమ్మును ఏటా ఆ శాఖకు తిరిగి కడతారు. బాకీ తీరాక మిగులు అంతా స్కూలుదే. తిరిగివచ్చిన సొమ్ము మరో స్కూలుకో, మరో ఈతకొలనుకో పోతుంది. విత్తనాల గింజలు తీసుకున్న రైతు పంట రాగానే వాటిని తిరిగి ఇస్తే, అవే గింజలు పక్క రైతు పొలంలో మొలకెత్తినట్లు!

అయితే ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. ఎంత ఆదా అయిందో ఖచ్చితంగా తెలియాలి. తెలియాలంటే ముందూ వెనుకా మీటరు చూసి రాసి ఉండాలి. చూడని మీటరు నుంచి ఒక్క పైసా కూడా ఆదా పుట్టదు.

మీరు చేయగల పరిశోధన

ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోండి. మీటరు పెట్టెను తెరవవద్దు, తీగలను ముట్టవద్దు. అంకెలు మాత్రం చూసి రాయండి.

1. బడి వదిలాక సాయంత్రం 5 గంటలకు మీటరు అంకె రాయండి. మర్నాడు ఉదయం 9 గంటలకు మళ్ళీ రాయండి. సాయంత్రం 4,312, ఉదయం 4,320 ఉన్నాయనుకుందాం. ఎవరూ లేని రాత్రి 8 యూనిట్లు ఖర్చయ్యాయి! అలా ఏడాదంతా అయితే 2,920 యూనిట్లు. మీ స్కూలు బిల్లు మీద ఉన్న ధరతో గుణించి చూడండి. ఆ 8 యూనిట్లు తాగినది ఏదో వెతకండి. వరండా దీపమా? చల్లని నీళ్ళ యంత్రమా? కట్టేయడం మరచిన కంప్యూటర్లా?

2. ఒక్కొక్క గదిలోని ఫ్యాన్లు, దీపాలు లెక్కించండి. వాటి వాట్లు, వాడే గంటలు రాసి, పైన చేసిన లెక్కను మీ స్కూలుకు చేయండి.

3. ఒకే రకం రేకు డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదానికి మసి, మరొకదానికి సున్నం పూయండి. సమానంగా నీళ్ళు పోసి, మూతలు పెట్టి, రెండు గంటలు ఎండలో ఉంచండి. ఉష్ణమాపకంతో రెంటి ఉష్ణోగ్రతలూ కొలవండి. తేడా ఎంత? మీ డాబా ఈ రెంటిలో ఏ డబ్బాను పోలి ఉంది?

ఒక నెలపాటు కొలిచిన అంకెలను పట్టికగా రాసి, మీ స్కూలు నోటీసు బోర్డు మీద పెట్టండి. ఒక ప్రతిని మీ వార్డు సభ్యునికి ఇవ్వండి. "కరెంటు ఆదా చేయండి" అని వంద నినాదాలు రాసినా ఎవరూ ఆగి చదవకపోవచ్చు. "మన బడి రాత్రిపూట 8 యూనిట్లు ఖర్చు చేస్తోంది" అని రాసి చూడండి. ఆ మాట చదివినవారు "ఎందుకు?" అని అడగక మానరు.

ఆలోచించండి

1. మీ ఊరి రాత్రి ఉష్ణోగ్రతను బట్టి మెల్‌బోర్న్ కిటికీల పద్ధతి ఏ నెలల్లో పనికివస్తుంది?

2. మన ప్రాంతంలో సౌర ఫలకాలను ఏ దిక్కుకు వాల్చి పెట్టాలి? మెల్‌బోర్న్‌లో ఏ దిక్కుకు? ఎందుకు?

3. పాఠంలోని స్కూలు డాబా మీద నీడ పడని చోటు 40 చదరపు మీటర్లే ఉంటే, రోజుకు ఎన్ని యూనిట్లు పుడతాయి? 24 యూనిట్ల వాడకాన్ని అక్కడికి తగ్గించడానికి మీరు ఏమి చేస్తారు?